పాలివ్వని తల్లి

పుట్టిన మూడో నాడు నన్ను చాటెడు తవుడుకు అమ్మేశారు. కొన్నది మా పక్కింటి షంషున్నీసా, నకిరేకల్ అంగట్లో గాజులమ్ముకునే మనిషి. నాకంటే ముందు మా అమ్మ అండాలుకు ముగ్గురు పుట్టి పోయారు. పిల్లలు నిలవని ఇంట్లో మా వైపు ఆనవాయితీ అది. పిల్లను పెంట మీద పొర్లించి, పరాయి మనిషికి అమ్మేసి, సాకడానికి తెచ్చుకున్నట్టు మళ్ళీ తెచ్చుకోవాలి. పేరు కూడా పెంటమ్మ అనే పెట్టారు. యముడికి రోత పుట్టి నన్ను ముట్టుకోకూడదట. ఐదేళ్ళు నిండేదాకా అమ్మ నన్ను తన బిడ్డ అని నోటితో అనకూడదు. అంటే ఆ రోజే నేను పోతానని మా నాయిన తల్లి సైదమ్మవ్వ నమ్మకం.

పదో నాటికి నేను పసుపు పూసినట్టు పచ్చబడ్డాను. తాగిన పాలు తాగినట్టే కక్కాను. అవ్వ వాతలు పెట్టడానికి సూది కాల్చింది. ముందటి ముగ్గురికీ ఆ సూదే కాలింది, ఒరిగిందేమీ లేదు. అమ్మ ఎవరినీ అడగలేదు. పచ్చి బాలింత, నన్ను కొంగులో చుట్టుకుని పట్నం బస్సెక్కింది. కొంప ముంచుతున్నావని తిడుతూనే అవ్వ వెనక ఎక్కింది. అది అరవై ఒకటో సంవత్సరం.

పట్నంలో పిల్లల కోసమే ఓ దవాఖాన ఉందని అమ్మకు చెప్పింది షంషున్నీసాయే. అక్కడి డాక్టరమ్మ నా కడుపు నొక్కి చూసింది, కాలేయం పెరిగిందంది. ఇంతకు ముందు పిల్లలెవరైనా ఇలాగే పోయారా అని అడిగింది. అమ్మ నోరు తెరిచే లోపలే అవ్వ అందుకుంది.

"గీ పిల్ల మాది కాదమ్మా. షంషున్నీసది. మేం సాదుకుంటున్నం."

మరి ఆ షంషున్నీసా పిల్లలెలా ఉన్నారని డాక్టరమ్మ అడిగితే, ఐదుగురూ గుండ్రాళ్ళలా ఉన్నారని అవ్వ చెప్పింది. అది నిజమే. డాక్టరమ్మ ఆ నిజాన్నే కాగితం మీద రాసుకుంది. ఆ కాగితంతోనే నా ప్రాణం పోయేది. అవ్వ మీద నాకు కోపం లేదని అంటే అబద్ధమవుతుంది.

రక్తంలో చీము చేరిందనుకుని సూదులు వేశారు. పాలు ఆపి, నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. మూడో రోజుకు నేను కళ్ళు తెరిచాను. అవ్వ మైసమ్మకు మొక్కుకుంది. నాలుగో రోజు మళ్ళీ చన్నిమ్మన్నారు, అమ్మ ఇచ్చింది. సాయంత్రానికల్లా కక్కులు మొదలు. మళ్ళీ ఆపారు, తేరుకున్నాను. మళ్ళీ ఇచ్చారు, వాడిపోయాను.

డాక్టరమ్మ మంచం పక్కనే కూర్చుండిపోయింది. పుట్టుకతో వచ్చే జబ్బొకటి ఉందని, అదైతే తోబుట్టువుల్లోనూ ఎవరికో ఒకరికి వచ్చి ఉంటుందని, వీళ్ళ మాటను బట్టి అది కాదనుకోవాలని, ఇక తనకు దారి తోచడం లేదని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంకోసారి ఇలా వాడిపోతే పిల్ల దక్కదని కూడా చెప్పింది.

అమ్మ ఒకసారి అవ్వను చూసింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. అమ్మ లేచి నిలబడింది.

"నాదే డాక్టరమ్మా. గీ బిడ్డ నా కడుపుల పుట్టింది. దీనికి ముందుగాల ముగ్గురు. ముగ్గురూ గిట్లనే పచ్చగయ్యి, పాలు కక్కి, నెల తిరగకముందే పోయిండ్రు."

అవ్వ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "నోరు మూయే. పిల్లను సంపుతవా?"

"మూసుకొనే ముగ్గుర్ని పోగొట్టుకున్న."

ఆ పూటే నా మూత్రాన్ని ఓ నీలం రంగు మందులో కలిపి కాచారు. నీలం పోయి ఇటుక రంగు తిరిగింది, అంటే మూత్రంలో చక్కెర పోతోందన్నమాట. తర్వాత ఇంకేవో పరీక్షలు చేసి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. పాలల్లో ఉండే చక్కెర నా ఒంటికి పడదు, విషమై కూర్చుంటుంది. తల్లి పాలు, బర్రె పాలు, మేక పాలు, ఏవీ చుక్క కూడా తగలకూడదు. పల్లీలు నానబెట్టి నూరి, వడగట్టి, బియ్యం గంజిలో కలిపి కాచి పట్టమంది. ఎలా కాచాలో దగ్గరుండి చూపించింది.

అమ్మ అక్కడ ఏడవలేదు. తిరుగు బస్సులో ఏడ్చింది. ముగ్గురికీ కడదాకా చన్నిచ్చింది కదా, బలం వస్తుందని బలవంతంగా కూడా ఇచ్చింది. 

ఊళ్ళో అసలు యుద్ధం మొదలైంది. పాలు తన్నుకొచ్చి రవిక తడిసేది, నేను గుక్కపట్టేదాన్ని, అమ్మ గిన్నెలో గంజి చల్లార్చేది. షంషున్నీసా మల్లెపూలు తెచ్చి, పాలు ఆగడానికి అమ్మ రొమ్ముల మీద కట్టింది. ఒకనాడు అవ్వ నా నోట్లో మేక పాలలో ముంచిన దూది వత్తి పెడుతుంటే అమ్మ చూసింది. వత్తి లాగి పొయ్యిలో వేసింది. ఆనాటి నుంచి కూలికి పోయినా నన్ను చంకనేసుకునే పోయింది. కన్నబిడ్డకు పాలెగ్గొట్టిన రాక్షసి అని వాడంతా చెవులు కొరుక్కుంది. నాయిన గాలయ్య మాత్రం అడగకుండానే పల్లీలు తెచ్చి పడేసేవాడు.

ఏడాది దాటాక ఓ పొద్దున బావి కాడ మా వాడలోని గోపమ్మ నలుగురి ముందూ అననే అంది, రొమ్ము పాలు దాచుకున్న తల్లిని ఎక్కడా చూడలేదని.

అమ్మ బిందె దించింది. చంకలోంచి నన్ను కూడా దించి, పట్టుకున్న చెయ్యి వదిలేసింది. నేను తడి బండల మీద తూలుకుంటూ గోపమ్మ వైపే నడిచానట.

"ముగ్గురికి పాలిచ్చిన గోపమ్మా. ముగ్గుర్ని బొందల పెట్టిన. దీనికియ్యలే. సూడు, నీ దిక్కే వస్తాంది."