చుక్కల అట్ట

అయినా పిల్లలకు చెప్పాల్సిన పాఠం తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పడమేమిటి, అదీ మోకాళ్ళు బల్లకు కొట్టుకునే ఈ పొట్టి బెంచీల మీద, అని అతను లోలోపల గొణుక్కుంటున్నాడు. గొణుగుడు బయటికి రాకుండా దవడలు బిగించి ఉంచాడు. అది అతనికి అలవాటే. మిల్లులో స్విచ్‌బోర్డు ముందు నిలబడినా అంతే, ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అంతే. "మీ మొహం చూస్తే, పలకరించాలన్నా ముందు ఫ్యూజు పీకి రావాలనిపిస్తుంది" అంటుంది భార్య. ఈ మీటింగుకు తను రానని మొండికేసి అతన్ని తోసిందీ ఆవిడే.

గదిలో ఘాటైన మందు వాసన. సీసాల్లో పాలిపోయిన పురుగులు తేలుతున్నాయి. గోడకు నిలువునా కోసిన గుండె బొమ్మ, మూలన ఒక చెయ్యి లేని అస్థిపంజరం. దాని పక్కనే గోడకు ఆనుకుని పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆ వరసలో అతని కూతురుంది. అటు చూడకూడదని గదిలోకి రాగానే నిర్ణయించుకున్నాడు.

"మాట్లాడాలంటే చెయ్యెత్తండి," అంది జీవశాస్త్రం మేడమ్. మనిషి పొట్టి, గొంతు మిల్లు సైరను. "నా తరగతిలో పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే పద్ధతి."

చెయ్యెత్తాలట. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఇంత వయసొచ్చి, చేతులు కాయలు కాసి, ఇప్పుడు ఈవిడ ముందు చెయ్యెత్తి నిలబడాలా? పక్కనున్న బావ మోచేత్తో పొడిచాడు.

"ఏమోయ్ బావా, చూశావా? నీకు సరైన పంతులమ్మ దొరికింది."

బావంటే అతని భార్యకు అన్న, మిల్లులో అతని షిఫ్టుకు ఇన్‌చార్జి. ఉద్యోగం వేయించిందీ ఆయనే. ఆ సంగతి అతను ఎక్కడ మరిచిపోతాడోనని రోజూ ఏదో ఒక వంకన గుర్తుచేసేదీ ఆయనే. ఆయన కూతురు కూడా ఇదే తరగతి. గది నిండా అన్ని బెంచీలుండగా వచ్చి వచ్చి ఇతని పక్కనే చతికిలబడ్డాడు.

"ఈ ఏడు ఇంట్లో ఏం జరగబోతోందో ముందే చెబుతున్నా, తర్వాత నా మీదికి రాకండి," అంటోంది మేడమ్. "ఉల్లిపొరలు ఒలుస్తారు, మైక్రోస్కోపు కింద పెట్టడానికి. అగ్గిపుల్లతో మీ చెంప లోపల గీకుతామంటారు, గీకనివ్వండి. మెట్లెక్కించి నాడి పట్టుకు చూస్తారు. ఇక్కడ మేక గుండె కోస్తాం. ఆ పూట ఇంటికొచ్చి ముద్ద మింగకపోతే కొట్టకండి. మీ చెవితమ్మెలు చూస్తారు, నాలుక మడవమంటారు, తాతయ్యకు బట్టతల ఎప్పుడొచ్చిందని అడుగుతారు. నిజం చెప్పండి. మీరు అబద్ధం చెబితే పాఠం తప్పిపోతుంది, నాకూ మీ పిల్లలకూ దెబ్బలాట పెట్టినవాళ్ళవుతారు."

ముందు బెంచీలో కళ్ళజోడు పెద్దమనిషి చెయ్యెత్తాడు. "ఆ పిల్లలు పుట్టే పాఠం... అదొక్కటి ఇంట్లో చదువుకోమంటే బాగుంటుందేమో మేడమ్."

"ఇంట్లో మీరు చెబుతారా?"

"నేనా?"

"ఇప్పటిదాకా ఏం చెప్పారు మరి?"

"ఆస్పత్రిలో ఇచ్చారని చెప్పాం."

"అదీ పాఠంలో ఉంది లెండి," అంది మేడమ్. గదంతా నవ్వింది. బావ బల్ల చరిచి మరీ నవ్వాడు. అతను నవ్వలేదు. నిజం చెప్పండి అన్న మాట దగ్గరే అతని బుర్ర ఆగిపోయింది. ఎవరి నిజం? ఎవరి దగ్గర చెప్పాలి? ఒక మనిషి తన ఇంట్లో, తన నాలుక వెనక, తన కంటి వెనక దాచుకున్నదాన్ని పిల్లల చేతికి అగ్గిపుల్లలిచ్చి గీకించే హక్కు ఈవిడకెవరిచ్చారు?

ఇంట్లో అట్ట గొడవ మొదలైందీ ఇలాంటి పాఠంతోనే. ఒక సాయంత్రం అతను పాడైపోయిన ఫ్యాను విప్పి కూర్చుంటే కూతురు వచ్చి మొహం ముందు ఒక అట్ట పెట్టింది. అట్ట నిండా చిన్నా పెద్దా చుక్కలు. అతని కంటికి బురదలో గులకరాళ్ళు పోసినట్టుంది.

"నాన్నా, ఇందులో ఏ నంబరుందో చెప్పు."

"పనేం లేదా నీకు?"

"ఇదే పని. ఇంట్లో అందరినీ అడిగి రమ్మన్నారు. అమ్మ చూడగానే చెప్పేసింది."

చూడగానే. ఆ ఒక్క ముక్క చెవిలో జోరీగలా దూరింది. చిన్నప్పుడు తండ్రి పండిన కాయలు కోసుకు రమ్మంటే అతను సంచీ నిండా పచ్చివి తెచ్చాడు. "కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు!" అని తండ్రి బెల్టు తీశాడు. ఆ దెబ్బలు తింటూనే అతనికి అర్థమైంది, పండుకూ కాయకూ మధ్య తనకు తెలియని మాటేదో లోకమంతా కూడబలుక్కుందని. అప్పటినుంచి లోకంతో మాట కలపడం మానేసి, లోకాన్ని కనిపెట్టడం మొదలుపెట్టాడు. పండును వేలితో నొక్కి చూస్తాడు. సిగ్నలు దగ్గర పైదా కిందదా అని చూస్తాడు. మిల్లులో చేరేటప్పుడు, డాక్టరు దగ్గర ముందే కళ్ళ పరీక్ష ముగించుకొచ్చిన వాణ్ణి పట్టుకుని ఇలాంటి అట్టల నంబర్లే వరసగా బట్టీపట్టి, గడగడా ఒప్పజెప్పాడు. ఎలక్ట్రీషియను అయ్యాడు. ఎర్ర వైరూ పచ్చ వైరూ అతని చేతిలో ఒకే వైరు. అందుకే ప్రతిదానికీ టెస్టరు పెట్టి చూస్తాడు. తేలినదాని చివర దారంతో ముడి వేస్తాడు, కరెంటున్నదానికి ఒక ముడి, లేనిదానికి రెండు. పక్కవాడు చూసి చెప్పినా నమ్మడు, మళ్ళీ టెస్టరు పెడతాడు. మిల్లులో అతని పేరే టెస్టరైపోయింది. "మావాడు టీ కప్పుకు కూడా టెస్టరు పెట్టి గానీ తాగడు" అని బావ పదిమందిలో నవ్విస్తాడు. నవ్వితే నవ్వారు, జాగ్రత్తపరుడని నవ్వుతున్నారు. అసలు సంగతి తెలిస్తే ఆ పూటే గేటు బయట నిలబెడతారు. అత్తగారింటి పంచాయితీ ఆ పైన ఉండనే ఉంటుంది.

ఆ సాయంత్రం అతను అట్టను లాక్కుని రెండుగా మడిచి, చింపి, చెత్తబుట్టలో పారేశాడు. "స్కూలుది నాన్నా అది!" అని కూతురు అరిస్తే చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఆ పిల్ల బెదరనూ లేదు. ఎత్తిన చేతి వైపు కాకుండా అతని కళ్ళలోకి చూసింది, ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను, సీసాలో పురుగును చూసినట్టు. ఆ చూపును అతను ఇంకా క్షమించలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల అతనితో నేరుగా మాట్లాడటం లేదు. అతను ఎదురుగా ఉన్నా "అమ్మా, గేటు తాళం ఎక్కడ పెట్టారో నాన్ననడుగు" అంటుంది.

"మరో విషయం," అంది మేడమ్. "ఇంటికిచ్చిన వస్తువు ఇంటి నుంచి తిరిగి రావాలి. మా లాబ్ లీడరే ఒక అట్ట పోగొట్టుకొచ్చింది. ఏమైందంటే నోరు విప్పదు. లీడరుగా తీసేశాను. వాళ్ళ వాళ్ళు ఈ గదిలో ఉంటే వినండి, అలుసిస్తే ఇలాగే తయారవుతారు."

పేరు చెప్పలేదు. చెప్పకపోయినా బావ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, "మన పిల్లేగా? ఆ మొండితనం మీ వైపుదేలే," అన్నాడు.

 అంటే ఈ పిల్ల నిజం చెప్పలేదన్నమాట. మా నాన్న చింపాడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చే ఉంటుంది. మింగింది. ఎందుకు మింగినట్టు? జాలా? అతనికి జాలి అంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాలుగు తిట్టి ఏడ్చినా సహించేవాడు.

"ఇప్పుడు మీ పిల్లలు చేసిన పరీక్షే మీరూ చేస్తారు," అంటూ మేడమ్ అట్టల పెట్టె తెరిచింది. "నేను చూపిస్తా, కనిపించిన నంబరు అందరూ ఒక్కసారిగా చెప్పండి. దీనికి మాత్రం చేతులక్కర్లేదు."

అతను చొక్కా జేబులోని టెస్టరును తడుముకున్నాడు. కానీ భయం వెనకే పాత జిత్తులన్నీ వరసకట్టి నిలబడ్డాయి. గుంపులో గొంతు కలపడం ఎంతసేపు? మొదటి అక్షరం చెవిన పడగానే మిగతాది అందుకోవచ్చు.

"పన్నెండు!" అంది గది. అది అతనికీ కనిపించింది.

"ఎనిమిది!" అంది గది. అతను అరక్షణం వెనగ్గా "...మిది" అన్నాడు.

"ఇరవై తొమ్మిది!" అతను "...తొమ్మిది" అన్నాడు. ఎవరూ ఇటు తిరగలేదు. బావ చిన్నపిల్లాడిలా అందరికంటే ముందు అరుస్తున్నాడు. ఇంతేనా వీళ్ళ గొప్ప, అనుకున్నాడు అతను. ఇంతమంది కళ్ళున్నవాళ్ళ మధ్య ఒక్కడు నోటితో నెట్టుకొస్తుంటే పసిగట్టలేని మొద్దులు. వెటకారం అతని లోపల నెమ్మదిగా వేడెక్కింది.

మేడమ్ ఇంకో అట్ట ఎత్తింది. గది నోరు మెదపలేదు.

"ఏమైంది? చెప్పండి."

కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరో తల వాల్చి చూశారు. బావ కళ్ళు చికిలించి, "ఏముంది దీంట్లో? ఉత్త చుక్కలేగా," అని గొణిగాడు.

అతను అట్టను చూశాడు. నంబరు నల్లపలక మీద సుద్దతో రాసినంత స్పష్టంగా ఉంది. ఒకసారి కళ్ళు మూసి తెరిచాడు. ఉంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి గొంతు వెనకా నక్కక్కర్లేదు. జీవితంలో మొదటిసారి అతనొక్కడికే చూడగానే కనిపించింది. వీళ్ళకు కనిపించడం లేదు! బెల్టు పట్టుకున్న తండ్రికీ, పళ్ళికిలిస్తున్న బావకూ, ఈ సైరను గొంతుకూ కలిపి ఒకే సమాధానంగా గుండెలోంచి తన్నుకొచ్చింది.

"నలభై అయిదు!"

ఆ అరుపుకు కిటికీ అద్దం అదిరింది. అతని మొహం మీద నవ్వు కూడా ఉంది, బిగించిన దవడల మధ్య నుంచి దారి వెతుక్కుని వచ్చిన నవ్వు.

మేడమ్ అట్టను నెమ్మదిగా దించింది. "ఈ అట్ట వేరు," అంది. ఆ సైరను గొంతు మొదటిసారి తగ్గింది. "మామూలు చూపున్నవాళ్ళకు ఇందులో ఏమీ కనిపించదు. ఎరుపూ పచ్చా వేరుచేసి చూడలేనివాళ్ళకే నంబరు తేలుతుంది. మీరు ఏం పని చేస్తారండీ?"

 అతని నవ్వు మొహం మీదే ఆరిపోయింది. బావ మొత్తంగా ఇటు తిరిగి కూర్చున్నాడు. ఆయన కళ్ళు అతని చొక్కా జేబులో నిలబడి ఉన్న టెస్టరు మీదికి వెళ్ళాయి. అక్కణ్ణుంచి మొహం మీదికి వచ్చి, మళ్ళీ టెస్టరు దగ్గరికే వెళ్ళాయి.

"బావా," అన్నాడు, వేళాకోళం లేకుండా. "ఏంటిది?"

"మేడమ్!" గోడ దగ్గర్నుంచి కూతురి గొంతు. చెయ్యి ఎత్తే ఉంది. "ఆ నంబరు నాన్నకు నేనే చెప్పాను. ఆ పోయిన అట్టతో పాటు ఇదీ ఇంటికి పట్టుకెళ్ళాను, మీకు తెలియకుండా. వెనక రాసి ఉంటుంది కదా, చూసి చెప్పేశాను. తర్వాత తెచ్చి పెట్టెలో పెట్టేశాను."

అబద్ధం. ఇసుమంతైనా తడుముకోలేదు.

"ఒకటి పోగొట్టింది చాలలేదా?" మేడమ్ సైరను మళ్ళీ మోగింది. "దొంగతనం కూడానా? రేపటి నుంచి ఈ లాబ్‌లో అడుగుపెట్టావంటే చూడు. మేక గుండె కోసే రోజు బయట వరండాలో నిలబడు."

"సరే మేడమ్."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "హమ్మయ్య! చంపేశావు కదయ్యా! కాపీ కొట్టి పాసవుదామనుకున్నావా? మిల్లుకెళ్ళి చెప్పాలి, మా టెస్టరు కూతురి దగ్గర చీటీలు రాయించుకున్నాడని." అతని వీపు మీద గట్టిగా చరిచాడు. గది కూడా నవ్వింది. గండం గడిచింది. టెస్టరు వెలగలేదు, ఇక ముట్టుకోవచ్చు.

మేడమ్ బోర్డు వైపు తిరిగి బొమ్మ గీస్తోంది. "ఇంతకూ విషయమేమిటంటే, ఈ రంగుల లోపం తండ్రికి ఉంటే అతని ఎక్స్ క్రోమోజోముతో పాటు కూతుళ్ళందరికీ వెళ్తుంది. తప్పించుకునే దారి లేదు. మామూలుగా వాళ్ళ చూపుకు లోటేమీ ఉండదు, ఎవరికీ తెలియదు. మోస్తారంతే."

చూడకూడదనుకున్న వైపు అతను చూశాడు. అస్థిపంజరం పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. ఇటు చూడటం లేదు. పక్కనున్న పిల్లలు చెవులు కొరుక్కుంటున్నారు, బావ కూతురు కిసుక్కుమంటోంది. ఆ పిల్ల మాత్రం ఎదుటి గోడకేసి చూస్తోంది, దవడలు బిగించి.

ఎవరడిగారు దీన్ని? ఎవరు మోయమన్నారు? అతనికి పట్టరాని కోపం వచ్చింది. ఈ పిల్ల మీద, దీని తెగువ మీద, అచ్చం తనలాగే బిగుసుకున్న ఆ దవడ మీద. ఇంటికెళ్ళాక అది మళ్ళీ "అమ్మా, నాన్ననడుగు" అంటుంది. వరండాలో నిలబడే రోజు కూడా నోరు విప్పదు. తను మిల్లులో ముళ్ళు వేస్తూనే ఉంటాడు. బావ నవ్వుతూనే ఉంటాడు.

చెయ్యి బల్ల మీద నుంచి లేవనంది. కాయలు కాసిన అరచెయ్యి చెక్కకు అతుక్కుపోయినట్టుంది. లాగాడు.

"ఏంటి, బాత్రూముకా?" బావ గుసగుసగా అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే ఆయన మొహం మారింది. "ఎందుకిప్పుడు? గొడవ అయిపోయిందిగా, దించు... బావా, దించమంటున్నా."

మేడమ్ ఇంకా బోర్డు వైపే ఉంది. సుద్ద కీచుమంటోంది. అతను చెయ్యి దించలేదు. ఆవిడ ఇటు తిరిగేదాకా అలాగే ఎత్తి ఉంచాడు.