తొమ్మిదో వార్డు దుప్పట్లు

ఆ శుభవార్తను చదివి వినిపించింది నేనే.

నా పెళ్లయి ఆ రోజుకి పద్దెనిమిది రోజులు. పొద్దున తొమ్మిదిన్నర. లాండ్రీ హాల్లో ఆరు డ్రమ్ములూ గరగరా తిరుగుతున్నాయి. మేస్త్రీ ఒక కాగితం ఊపుకుంటూ వచ్చి, "డిగ్రీ పిల్లా, స్టూలెక్కి చదువు. అందరికీ వినపడాలి" అన్నాడు. ఎక్కాను. పెద్దాసుపత్రి బట్టలన్నీ మా లాండ్రీకే వస్తాయి. వచ్చే మూటలూ వెళ్లే మూటలూ రాసుకునే గుమాస్తాను నేను. గొంతు సవరించుకుని చదివాను.

"నగరంలో కొత్త వైరస్ పూర్తిగా అదుపులోకి వచ్చింది. పెద్దాసుపత్రిలోని తొమ్మిదో వార్డు ఖాళీ అయింది. తాళం కూడా వేశాం. కాబట్టి నేటి నుంచి ఎర్ర సంచులు రద్దు. బట్టలన్నీ తెల్ల సంచుల్లోనే వస్తాయి. ఎవరూ భయపడనక్కర్లేదు. ఇట్లు, ఆరోగ్యాధికారి."

హాలంతా చప్పట్లు. ఎందుకుండవు? నెల రోజులుగా ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. బళ్లలో సగం బెంచీలు ఖాళీ. మందుల దుకాణాల ముందు బారులు. బస్సులో ఎవరైనా దగ్గితే పక్కవాళ్లు లేచి నిలబడేవారు. ఆరోగ్యాధికారి మాత్రం రోజూ సాయంత్రం టీవీలో కనిపించి, "మామూలు జలుబు. పుకార్లు పుట్టించేవాళ్ల మీద కేసులు పెడతాం" అనేవాడు. ఆయనే ఇప్పుడు వైరస్ వచ్చి పోయిందంటున్నాడు. మామూలు జలుబైతే పోవడమేమిటని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. డిగ్రీ చదివాను.

మా అత్తయ్య ఒక ఖాళీ ఎర్ర సంచి తీసి తలపాగాలా చుట్టుకుని, మురికి బట్టలు ఏరే బల్ల మీదకెక్కింది. "నేనే ఆరోగ్యాధికారిని! జబ్బు రద్దు! దగ్గు రద్దు! మా కోడలి సిగ్గు కూడా రద్దు!"

"సిగ్గెప్పుడో రద్దయిందమ్మా, నీ కొడుకుని అడుగు" అన్నాడు ఇస్త్రీ బాబాయి.

నవ్వులు ఆగకముందే బాయిలరు గదిలోంచి రెండు పొట్టి కూతలు వినిపించాయి. కూ, కూ. బాయిలరు నడిపేది మా ఆయన. నాకు ఏదైనా చెప్పాలంటే ఆవిరి కూతలోనే చెప్తాడు. పన్నెండింటికి నా అన్నం డబ్బా వేడి గొట్టం మీద పెట్టినప్పుడూ అంతే, ఊరికే గుర్తొచ్చినప్పుడూ అంతే.

"ఒరేయ్, ఆవిరంతా పెళ్లానికే పెట్టకు. బట్టలు కూడా ఉడకాలి!" అని అరిచింది అత్తయ్య.

నేను స్టూలు దిగి ఇస్త్రీ రోలరు దగ్గరికి వెళ్లాను. అత్తయ్య రోజూ రోలరు మీంచి అప్పుడే దిగిన తువ్వాలొకటి మడిచి నా మొహానికి అద్దేది. పొగలు కక్కే ఆ వెచ్చదనంలో కళ్లు మూసుకుంటే, పొద్దున నాలుగింటికి లేచిన బద్ధకమంతా ఎగిరిపోయేది. "అత్తగారిల్లు వెచ్చగా ఉండాలే పిల్లా" అనేది. ఆ రోజు కూడా అద్దింది.

ఎర్ర సంచి అంటే ఏమిటో మీకు చెప్పాలి. అంటుజబ్బు బట్టలు ఎర్ర సంచిలో వస్తాయి. దాన్ని ఎవరూ విప్పకూడదు. మూతి కట్టినది కట్టినట్టే మరిగే నీళ్ల డ్రమ్ములో పడేస్తే, వేడికి కరిగి సంచి తనంతట తానే విచ్చుకుంటుంది. తెల్ల సంచి అలా కాదు. దాన్ని బల్ల మీద గుమ్మరించి, ఒక్కొక్క దుప్పటీ దులిపి, మరచిపోయిన సూదులూ చెంచాలూ ఏరి, మురికిని బట్టి కుప్పలు పెట్టాలి. ఆ పని పదకొండు మంది ఆడవాళ్లది. చేతికి తొడుగులుండవు. అందరికంటే పెద్దది మా అత్తయ్య. నలభై ఆరేళ్లు.

ఆ రోజు నుంచి వచ్చిన మూటలు మునుపటికంటే ఒక్కటి కూడా తగ్గలేదు. వాటిని రాసుకున్నది నేనే. రాస్తూ కూత కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

ఆరో రోజు అత్తయ్య దుప్పటి దులుపుతూ బల్లని పట్టుకుని ఆగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. "ఏం లేదు, డ్రమ్ము పక్కన నిలబడ్డాను కదా" అంది. ఏడో రోజు లేవలేదు. అదే రోజు ఇంకో నలుగురు ఏరే ఆడవాళ్లు పనికి రాలేదు.

మా ఆయనా నేనూ ఆమెను రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గేటు దగ్గర గుమాస్తా కిటికీలోంచే అడిగాడు.

"ఏం జబ్బు?"

"జ్వరం. ఊపిరాడట్లేదండీ. వైరస్సేమోనని..."

"అది లేదు. రద్దయింది. పేపరు చూళ్లేదా? లేని జబ్బుకి మంచం ఎలా ఇస్తానమ్మా?"

"మంచం వద్దయ్యా" అంది అత్తయ్య, రిక్షాలో ఒరిగి ఆయాసపడుతూనే. "నేను దులిపిన దుప్పటి ఒకటివ్వు. నేల మీదే పడుకుంటా."

కిటికీ మూసేశాడు. మా ఆయన తలుపు మీద పిడికిలితో బాదితే ఇద్దరు కాపలావాళ్లొచ్చి నెట్టేశారు. ఇంటికి తిరిగొచ్చేశాం. మూడో రోజు మధ్యాహ్నం, నేను తలగడ సర్దుతుండగా, ఆమె ఊపిరి ఆగిపోయింది. మరణపత్రంలో కారణం ఏమని రాశారో తెలుసా? వృద్ధాప్యం. నలభై ఆరేళ్ల మనిషికి!

మర్నాడు నేను పనికి వెళ్లాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. ఎవరూ నా మొహానికి తువ్వాలు అద్దలేదు. చిరుగులు కుట్టే సూదక్క నన్ను తన మిషను దగ్గరికి పిలిచి, ఒక దుప్పటి మూల చూపించింది. ఎర్ర దారంతో కుట్టిన అంకె. తొమ్మిది.

"ఇది నా కుట్టు. తొమ్మిది తోకని నేనే ఇలా లోపలికి తిప్పుతాను. తొమ్మిదో వార్డుది."

"పాతదేమో అక్కా. ఏ బీరువాలోనో పడున్నదేమో."

"పాతదా? నిన్న వచ్చిన తెల్ల సంచిలోది. చెమట ఇంకా ఆరలేదు." సూదక్క కుప్పలోంచి ఇంకోటి లాగింది. తొమ్మిది. ఇంకోటి. తొమ్మిది. "తాళం వేసిన వార్డులో ఎవరు పడుకుంటున్నారే? దయ్యాలా?"

నాకప్పుడర్థమైంది. వార్డు నిండా మనుషులున్నారు. సంచి రంగు మాత్రమే మారింది. ఎర్ర సంచులు వీధుల్లో బండ్ల మీద కనిపిస్తే జనం లెక్కలు కడతారని వాటిని తీసేశారు. జనాన్ని భయపడొద్దన్నారు గానీ, భయపడింది వాళ్లే, జనానికి. ఆ అబద్ధాన్ని స్టూలెక్కి నవ్వుతూ చదివింది నా గొంతు. అత్తయ్య బల్ల మీద ఆడింది నా గొంతు విని.

ఏడుపు రాలేదు. ఒకటే కోరిక. ఎవడు రాశాడో వాడి గొంతు నాకు వినపడాలి, నలుగురి ముందు, వణుకుతూ.

పదకొండింటికి మా లాండ్రీ కాంట్రాక్టరు వచ్చాడు. హాలు గుమ్మం దాటలేదు. ముక్కుకి రుమాలు, చేతులకి తొడుగులు. గుమ్మం దగ్గర ఒక తెల్ల సంచి అడ్డంగా ఉంటే, "మేస్త్రీ, దీన్ని తియ్" అన్నాడు. మేస్త్రీ దాన్ని చేత్తో ముట్టలేదు. కర్రతో నెట్టాడు. హాల్లో నలభై మందిమి చూశాం ఆ కర్రని.

"రేపు పదింటికి ఆసుపత్రి ఆవరణలో సభ. వైరస్‌ని తరిమినందుకు ఆరోగ్యాధికారి గారికి సన్మానం, నాకూ సన్మానం" అన్నాడు కాంట్రాక్టరు రుమాల్లోంచి. "వేదిక మీదకి తెల్ల బట్టలు కావాలి. మల్లెపూవుల్లా ఉండాలి. చనిపోయినావిడ విషయంలో పుకార్లు మాత్రం వద్దు. కేసులు పడతాయి." అంటూనే వెనక్కి నడిచి కారెక్కేశాడు.

మధ్యాహ్నం అన్నం బెల్లు మోగింది. ఎవరూ డబ్బాలు తెరవలేదు. అందరం బట్టలారేసే పెరట్లో, తీగల మధ్య చేరాం. సూదక్క దుప్పట్లు తెచ్చి, మూలలు పైకి కనపడేలా పరిచింది. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. చదువు రానివాళ్లకి కూడా ఆ అంకె తెలుసు.

"అంటే తెలిసే చంపారు" అంది ఏరే బల్ల దగ్గరి ఒకామె. ఆమె చెల్లెలు ఇంట్లో జ్వరంతో మూలుగుతోంది.

బాయిలరు గదిలోంచి మా ఆయన వచ్చాడు. తల్లి పోయిన దగ్గరినుంచి పది మాటలు మాట్లాడలేదు. కూత కూడా లేదు. తీగని పిడికిట్లో పట్టుకుని అన్నాడు. "వేదిక మీదకి బట్టలు కావాలన్నాడుగా? ఇద్దాం. ఈ దుప్పట్లే, ఉతక్కుండా. వాళ్లిళ్ల మూటలూ మన దగ్గర్నించేగా వెళ్లేది? కాంట్రాక్టరు ఇంటి దిండ్లకీ ఇవే, ఆ అధికారి ఉండే గెస్టుహౌసుకీ ఇవే. మా అమ్మ పీల్చిందే వాళ్లూ పీల్చాలి."

పెరడు దద్దరిల్లింది. "ఇద్దాం! ఇద్దాం!" ఇస్త్రీ బాబాయి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "గెస్టుహౌసు మూట కట్టేది నేనే. ఎలా కడతానో చూడండి." నేనూ అరిచాను. ఒట్టు, అందరికంటే గట్టిగా అరిచాను.

"అరిచారా? అయిందా?" అంది సూదక్క. "ఆ గెస్టుహౌసులో మంచం పరిచేదెవరు? అధికారి పెళ్లామా?"

బాబాయి మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. సూదక్కే జవాబు చెప్పింది.

"మనలాంటి ఒకావిడ. ఆవిడ ముందు దులుపుతుంది, ముందు పీలుస్తుంది. వేదిక మీద బట్ట పరిచేది ఆసుపత్రి ఊడ్చే మనిషి. ఆ అధికారి వేదికెక్కేసరికి మనవాళ్లు ఇద్దరు పోతారు."

"అయితే నోరు మూసుకుని కూర్చోమంటావా?" మా ఆయన ఆమె మీదకి వెళ్లాడు. "పోయింది మా అమ్మ, అక్కా!"

"నీకొక్కడికే పోయిందా? పదేళ్లు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం రా మేం!" అంది సూదక్క. "ఊరుకోమని ఎవరన్నారు? వాళ్ల ప్రాణం నాకెందుకు? పరువు కావాలి నాకు. ఊరందరి ముందూ వాళ్ల నోటితోనే ఒప్పించాలి. జ్వరంతో పడున్న మన నలుగురికీ రేపే మంచాలు కావాలి."

"వాళ్ల నోటితో నిజమా? ఆ నోరు అబద్ధానికే పుట్టింది" అన్నాడు బాబాయి.

అప్పుడు నాకు మేస్త్రీ కర్ర గుర్తొచ్చింది.

"నోటితో వద్దు బాబాయ్" అన్నాను. "చేతులతో చెప్పిద్దాం."

అందరూ నావైపు తిరిగారు. నేను గడగడా చెప్పేశాను. ఒక తెల్ల సంచి తీసుకుందాం. దాని మీద ఆసుపత్రి చీటీ ఉంటుంది. తొమ్మిది అంకె బయటికి కనపడేలా ఒక దుప్పటి మూల వేలాడదీద్దాం. సభలో, మైకు ముందు, వాళ్ల బల్ల మీద పెడదాం. అయ్యా, జబ్బు లేదన్నారు, రద్దన్నారు. తొడుగులు తీసి ఈ సంచి విప్పండి. ఒక్క దుప్పటి దులపండి. మా అత్తయ్య రోజంతా చేసిన పని మీరు ఒక్కసారి చేయండి. విప్పితే మేం నోరు మూసుకుంటాం. విప్పకపోతే...

"విప్పడు!" అంది చెల్లెలు జ్వరంతో ఉన్న ఆమె. "చచ్చినా విప్పడు!"

"విప్పితే? మొండికేసి విప్పాడనుకో?" అన్నాడు బాబాయి.

"విప్పినా ఏమీ కాదు. లోపల ఉండేవి మన బాయిలర్లో మూడుసార్లు మరిగిన దుప్పట్లు. ఇస్త్రీ చేసి, మల్లెపూవుల్లా, ఆయన అడిగినట్టే. ఆ సంగతి మనకి తెలుసు. వాళ్లకి తెలీదు."

సూదక్క నవ్వింది. అత్తయ్య పోయాక మా పెరట్లో వినిపించిన మొదటి నవ్వు. అది పెరడంతా పాకింది. పళ్లు కనపడుతున్నాయి గానీ కళ్లలో నిప్పులే.

"శుభ్రమైన దుప్పటిని చూసి పరిగెత్తాలి వాడు" అంది సూదక్క. "ఊరంతా చూస్తుండగా పరిగెత్తాలి."

మేస్త్రీ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. చేతిలో కర్ర ఉంది. "ఇది కాంట్రాక్టరుకి చెప్పానంటే..." అని మొదలెట్టాడు.

"చెప్పు" అన్నాడు మా ఆయన. "ఆ తర్వాత బల్ల దగ్గర ఖాళీగా ఉన్న అయిదు చోట్లలో నువ్వే నిలబడి దులుపు. కర్ర లేకుండా."

మేస్త్రీ కర్ర వైపు చూసుకున్నాడు. దాన్ని గోడకి ఆనించి వచ్చి, మా వెనక నిలబడ్డాడు. నమ్మలేదు మేం. ఇద్దరు ఆడవాళ్లు అతనికి అటూ ఇటూ నిలబడ్డారు.

నాలుగింటికల్లా సంచి తయారైంది. దుప్పట్లు మూడుసార్లు మరిగించింది మా ఆయన. రోలరు మీద బాబాయి. మూతి కుట్టింది సూదక్క. మడతలు మేం వేశాం. ఈలోగా ఇద్దరు సైకిళ్ల మీద వెళ్లి కాలేజీకీ, బస్సు డిపోకీ, ఆసుపత్రి ఊడ్చేవాళ్లకీ కబురు చెప్పొచ్చారు. చివరి దుప్పటి రోలరు మీంచి దిగినప్పుడు మా ఆయన దాని మూల తీసి నా మొహానికి అద్దాడు. పొగలు కక్కుతోంది. అచ్చం వాళ్లమ్మలాగే అద్దాడు. సరిగ్గా ఇరవై ఎనిమిది రోజుల పెళ్లికూతుర్ని నేను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ప్రపంచంలో అన్నిటికంటే తియ్యగా అనిపించింది పగ.

అయిదింటికి పని ఆగింది. నేను మళ్లీ అదే స్టూలెక్కాను. చేతిలో కాగితం. ఈసారి రాసింది మేం.

"రేపు లాండ్రీలో ఆవిరి ఉండదు. ఏ బట్టా ఉతకం. పదింటికి అందరం పెద్దాసుపత్రి ఆవరణకి వెళ్తాం. జ్వరంతో ఉన్న నలుగురినీ మంచాల మీదే మోసుకొస్తాం. కాలేజీ పిల్లలూ, బస్సువాళ్లూ, ఆసుపత్రి ఊడ్చేవాళ్లూ గేటు దగ్గర కలుస్తారు. ఎర్ర సంచులు తిరిగి రావాలి. తొమ్మిదో వార్డు తలుపు తెరవాలి. మా నలుగురికీ మంచాలివ్వాలి. మా అత్తయ్య మరణపత్రంలో నిజం రాయాలి. సంచి మోసేది నేను."

బాయిలరు గదిలోంచి కూత లేచింది. రెండు పొట్టి కూతలు కాదు. ఒక్కటే, పొడవైనది. బాయిలర్లో మిగిలిన ఆవిరంతా అయిపోయేదాకా ఆగలేదు. వీధిలో జనం తలలెత్తి చూశారు.

కాగితం అడుగున ఇంకో వాక్యముంది. అది ఆరోగ్యాధికారికి. రేపు మైకులో కూడా అదే చదువుతాను.

"అయ్యా, దండలు మెడలో వేయించుకోండి, ఫరవాలేదు. చేతులు మాత్రం ఖాళీగా ఉంచుకోండి. రేపు పదింటికి మీ చేతులతో మాకు పనుంది."