ఎడిన్‌బరో చేరిన రైస్ కుక్కర్

"కుక్కర్ బ్యాగ్ అడుక్కి తొయ్యి. పైన పెడితే చెకింగ్‌లో తీసి చూస్తారు" అన్నాడు ఉమాకాంత్, షికాగో ఎయిర్‌పోర్ట్ ముందు కారాపి. పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కుతున్న భార్యతో అతనన్న మాట అది. హ్యాపీ జర్నీ చెప్పలేదని నింద వెయ్యడానికి లేదు. చెప్పాడు. కుక్కర్ సంగతి తేలాక చెప్పాడు.

ఆ కుక్కర్ ఇప్పుడు ఎడిన్‌బరోలో ఒక హాస్టల్ వంటగది గట్టు మీద కూర్చుని ఉంది. బయట వాన. చాముండేశ్వరి సింకు దగ్గర బియ్యం కడుగుతోంది. కిటికీలోంచి నల్లటి రాతి గోడలు, ఆ గోడల మధ్య కిందికి దిగిపోతున్న మెట్లు, వాటన్నిటి పైన కొండ మీద సగం మబ్బులో మునిగిన కోట కనిపిస్తున్నాయి. ఆమె అటు చూడటం లేదు. అన్నం అయ్యాక చూడొచ్చులే అనుకుంది. ఇంట్లోనూ అంతే, ఏదైనా సరే అన్నం అయ్యాకే.

షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మూడు కుటుంబాలు కలిసి వేసుకున్న ప్లాన్ ఇది. వారం రోజులు స్కాట్లాండ్. అందరికీ ఒకే ఫ్లైట్‌లో సీట్లు దొరకలేదు. ఒకరు ఒక రోజు ముందుగా వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలో ఎవరూ చర్చించుకోలేదు. "నువ్వు ముందెళ్ళావనుకో, మేం దిగేసరికి పులిహోర, దద్దోజనం రెడీగా ఉంటాయి. పిల్లలు ఆకలికి ఆగలేరు" అన్నాడు ఉమాకాంత్. అద్దెకు తీసుకున్న ఇల్లు రేపు గానీ చేతికి రాదు. ఈ ఒక్క రాత్రికి టూరిస్టులుండే హాస్టల్‌లో మంచం బుక్ చేసింది కూతురు జాహ్నవి. కాలేజీలో చదువుతోంది ఆ పిల్ల. తన బ్యాక్‌ప్యాక్, రెయిన్‌కోట్ తెచ్చి తల్లి ముందు పెట్టింది. "అమ్మా, సూట్‌కేస్ వద్దు. అక్కడ అన్నీ స్టెప్సే. ఒక్క రోజు నీకే ఉంది కదా, జస్ట్ నడువు. ఎవరికీ ఏమీ చెయ్యకు, ప్లీజ్" అంది.

కూతురి బ్యాక్‌ప్యాక్‌లో ఆవిడ సర్దుకున్నవేమిటంటే, ఒక జత బట్టలు, మిగతాదంతా వంటిల్లు.

అమెరికాలో ఇరవై ఏళ్ళుగా చాముండేశ్వరి చూడని చోటు లేదని స్నేహితులంటారు. నయాగరా, డిస్నీ, యెల్లోస్టోన్, స్మోకీ కొండలు. నిజమే, అన్నిచోట్లకీ వెళ్ళింది. అన్నిచోట్లా మోటెల్ బాత్రూంలో, అద్దం కింద గట్టు మీద, కుక్కర్ పెట్టింది. పొగ అలారం మోగకుండా తలుపు సందులో తడి టవల్ కుక్కింది. టబ్బులో గిన్నెలు కడిగింది. నయాగరాకి అత్తగారు శేషమ్మ కూడా వచ్చారు, ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలున్నప్పుడు. "వాడికి బయటి తిండి పడదమ్మా, చిన్నప్పట్నుంచీ అంతే" అన్నారావిడ, జలపాతం వైపు చూస్తూ. ఆఫీసులో రోజూ మెక్సికన్ బరీటో లాగించే ఆ కడుపు ట్రిప్పుల్లో మాత్రం ఎందుకంత సుకుమారమైపోతుందో చాముండేశ్వరి ఎన్నడూ అడగలేదు. ఆల్బమ్‌లో జలపాతం ముందు ఉమాకాంత్, శేషమ్మ, జాహ్నవి ఉన్నారు. ఫోటో తీసింది ఈవిడే అనుకుంటారు అందరూ. కాదు, ఎవరో దారినపోయే చైనావాళ్ళు తీశారు. ఆ టైముకి ఈవిడ గదిలో పోపు పెడుతోంది.

అవన్నీ ఎలాగో మింగేసింది. యెల్లోస్టోన్ దగ్గరి మోటెల్‌ది మాత్రం గొంతులోనే ఉండిపోయింది. పోపు వాసన వరండా అంతా పాకింది. పక్క గదివాళ్ళు ఫిర్యాదు చేసినట్టున్నారు, మేనేజర్ వచ్చి తలుపు కొట్టాడు. చాముండేశ్వరి గరిటె చేత్తో పట్టుకునే బాత్రూం గుమ్మంలో నిలబడిపోయింది. ఉమాకాంత్ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, మగవాళ్ళిద్దరికీ అర్థమయ్యే ఒక నవ్వు నవ్వి, "సారీ, యూ నో... మై వైఫ్ ఇన్సిస్ట్స్" అన్నాడు. మా ఆవిడ పట్టుబడుతుందండీ, నేనేం చెయ్యను అని. ఆ మేనేజర్ ఆవిడ వంక చూసిన చూపు, ఒక మొండి మనిషిని చూసే చూపు. అప్పటికి ఆవిడకి నూట ఒకటి జ్వరం. పొద్దున్నే మొగుడితో అంది కూడా, ఇవాళ్టికి శాండ్‌విచ్‌లతో కానిద్దామండీ అని. అతను "ఒక్క రసం, అన్నం పెట్టెయ్యి చాలు" అన్నాడు. మేనేజర్ వెళ్ళాక, "అలా అనకపోతే ఫైన్ వేసేవాడు, దీనికి ఫీలవుతావేంటి?" అన్నాడు. తర్వాత రసం పోసుకుని తిన్నాడు. బాగుందన్నాడు కూడా.

చాముండేశ్వరి కడిగిన బియ్యంలో ఎసరు పోసి కుక్కర్ మూత పెట్టింది. ఉమాకాంత్ ఇచ్చిన అడాప్టర్ తీసి గోడకి గుచ్చింది. అతను కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, మనవాళ్ళందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో చేరినవాడు. "ప్లగ్ షేప్ మారుతుంది అంతే. అడాప్టర్ ఉంటే చాలు" అని ఇంజనీరు గొంతుతో చెప్పాడు. ఆవిడ స్విచ్ వేసింది.

కుక్కర్ ఒక్క క్షణం బుర్రుమంది. తర్వాత టప్‌మని పేలినట్టు చప్పుడైంది, అడుగునుంచి ప్లాస్టిక్ కాలుతున్న పొగ లేచింది. గబగబా స్విచ్ తీసేసేసరికే వంటగదిలో దీపాలు ఆరిపోయాయి, హాస్టల్ అంతా అలారం మోత మొదలైంది. కుక్కర్ వెనక అంటించిన చిన్న కాగితం మీద నూట ఇరవై వోల్టులు అని అచ్చువేసి ఉంది. ఇక్కడి కరెంటు దానికి రెట్టింపు. ఆ కాగితం మొగుడూ చదవలేదు, ఈవిడా చదవలేదు. చదవాల్సిన చదువు మాత్రం అతను చదివాడు.

చేతికందిన రెయిన్‌కోట్ వేసుకుని, బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని అందరితోపాటు మెట్లు దిగి వీధిలోకొచ్చింది. సాక్స్‌తో ఒకరు, తడి జుట్టుకి టవల్ చుట్టుకుని ఒకరు, నోట్లో టూత్‌బ్రష్‌తో ఇంకొకరు వానలో నిలబడ్డారు. పొట్టి జుట్టు వార్డెన్ పిల్ల పైకెళ్ళి చూసి, కాలిన కుక్కర్‌ని చేత్తో పట్టుకొచ్చి, "ఎవరిదిది?" అని అడిగింది.

చాముండేశ్వరి అలవాటుగా పక్కకి చూసింది. చేతులెత్తి నవ్వి నెపం ఈవిడ మీదికి నెట్టేవాళ్ళు పక్కన ఎవరూ లేరు. ఇంత వయసొచ్చినా వానలో ఒంటరిగా నిలబడి తప్పు ఒప్పుకోవడం ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు.

"నాదే. సారీ" అంది.

"అమెరికా కుక్కరా? నెలకొకటి కాలుస్తారు ఇక్కడ" అని ఆ పిల్ల నవ్వేసింది. టూత్‌బ్రష్ కుర్రది చప్పట్లు కొట్టింది. అంతే. ఆ మోటెల్ మేనేజర్ చూసిన చూపు ఇక్కడెవరూ చూడలేదు. "ఇది ఉంచాలా, పడేయనా?" అని అడిగింది వార్డెన్.

"పడెయ్యండి" అంది చాముండేశ్వరి. సొట్టపోయిన గిన్నెలకి కూడా ఎప్పుడూ అంత తేలిగ్గా వీడ్కోలు చెప్పలేదు. అలారం ఆగాక అందరూ లోపలికి వెళ్ళారు. ఆవిడ వెళ్ళలేదు.

నడిచింది. ఈ ఊళ్ళో వాన కురిసినట్టుండదు, గాల్లో నిలబడి మొహానికి తగులుతూ ఉంటుంది. పెద్ద వీధికి రెండువైపులా గోడల మధ్య ఒక మనిషి పట్టేంత సందులున్నాయి. ఒక్కో సందులో దూరితే మెట్లు, మెట్ల చివర ఇంకో వీధి. నేపర్‌విల్‌లో వానంటే కారు అద్దం మీద వైపర్ తుడిచేసేది. కాకినాడలో చదువుకునే రోజుల్లో తను గొడుగు బ్యాగులో దాచుకుని మరీ తడిసేది, ఇంటికెళ్ళి తిట్లు తినేది. ఆ పిల్లని ఆవిడ చాలా కాలంగా తలుచుకోలేదు. ఓ మలుపు దగ్గర దారి తప్పింది. ఎందుకు తప్పావని అడిగేవాళ్ళు లేరు కనుక అది తప్పినట్టే అనిపించలేదు. భుజాన బ్యాగులో చింతపండు, ఆవాలు, ఇంగువ బరువుగా ఊగుతూనే ఉన్నాయి.

ఆకలేసి ఒక చిన్న హోటల్లోకి దూరింది. మాంసం లేనిది ఏముందని అడిగితే పప్పు సూప్ తెచ్చారు. ఉప్పు తక్కువైన పప్పే అది, పక్కన వెన్న రాసిన రొట్టె. పొగలు కక్కుతోంది. వేడివేడిగా ముందు తనకే వడ్డించిన తిండి ఆవిడ ఎప్పుడు తిన్నదో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మొత్తం తినేసింది. అలవాటుకొద్దీ గిన్నె తీసుకుని లేచి సింకు కోసం వెతుకుతుంటే, "అక్కడే వదిలెయ్యండి" అంది వడ్డించినావిడ. చాముండేశ్వరి గిన్నె వదిలేసింది.

ఊరి చివరి కొండెక్కి, ఊరంతా తడిసి మెరుస్తుంటే చూస్తూ కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. నేపర్‌విల్‌లో పొద్దున. ఉమాకాంత్ సర్దుకుంటున్నాడు.

"చాముండీ, ఆవకాయ ప్యాకెట్లు ఎక్కడ పెట్టావ్? ఇల్లంతా వెతికా."

"గరాజ్ ఫ్రిజ్‌లో, మీ ఎదురుగా."

"ఓకే, దొరికాయ్. పులిహోర అయిందా?"

"లేదండీ. కుక్కర్ కాలిపోయింది. ఇక్కడి కరెంటు రెట్టింపు వోల్టేజి."

"ఛ, ఆ పాయింట్ మిస్సయ్యా" అన్నాడు ఇంజనీరు. "సర్లే, నో ప్రాబ్లమ్. అక్కడ ఇండియన్ స్టోర్ ఉంటుందిగా, ఇంకోటి కొని కానిచ్చెయ్. నీకెలాగూ బోల్డు టైముంది కదా."

టైముంది. ఇరవై ఏళ్ళలో తనకు దొరికిన ఒక్క రోజుకి అతను పెట్టిన పేరు అది. చాముండేశ్వరి బ్యాగులోంచి చింతపండు ప్యాకెట్ తీసి బెంచీ మీద పెట్టింది, ఆవాలు పక్కనే పెట్టింది. వాటి మీద వాన పడుతోంది.

"కొననండీ."

"అంటే?"

"కుక్కర్ కొనను. రేపు పులిహోర ఉండదు. ఈ వారమంతా నేను వండను. ఇక్కడ తిండి బానే ఉంది, ఇప్పుడే తిన్నాను. మీ కడుపుక్కూడా పడుతుంది."

"ఏంటీ జోకులు? మల్లికార్జున్ వాళ్ళూ, రాధాకృష్ణ వాళ్ళూ ఫుడ్ నువ్వు చూసుకుంటావనే కదా వస్తున్నారు! నేను మాటిచ్చాను. ఇప్పుడు వాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?"

మబ్బు కొంచెం జరిగి కోట మొత్తం బయటపడింది. చాముండేశ్వరి రెయిన్‌కోట్ టోపీ వెనక్కి తోసి, మొహం వానకి ఇచ్చి, నింపాదిగా అంది.

"చేతులు రెండూ పైకెత్తి కొంచెం నవ్వండి. మై వైఫ్ ఇన్సిస్ట్స్ అని చెప్పండి."