అంటించిన పేజీలు

కూర దించిన పొయ్యి మీదే పిండి జిగురు గిన్నె పెట్టి, ఉండ కట్టకుండా గరిటె తిప్పుతోంది పాస్టరమ్మ. మందిరంలో ఆడవాళ్ళ కోసం సస్పెన్స్ నవలల అలమారా ఒకటుంది. వాటిలో హత్యలుంటాయి, వెంటాడే కార్లుంటాయి, చివరికి దేవుడు కాపాడతాడు. ఏ నవల అలమారా ఎక్కాలన్నా ముందు ఆమె చదవాలి. ఇబ్బందిగా ఉన్నచోటు భర్తకు చూపించాలి. ఆయన "మూసెయ్" అంటే ఎదురెదురు పేజీలు రెండూ ఎవరికీ తెలియకుండా అంటించెయ్యాలి. దీన్ని సేవ అంటారు. సేవకు జీతం ఉండదని వేరే చెప్పాలా.

ఈసారి నవలలో నాయిక ఒక బోధకుడి భార్య. మొగుడి నేరం ఆమె కంటపడిందని అతను ఆమెను వంటగదిలో పెట్టి తాళం వేశాడు. ఆమె మోకరించి ఒక ప్రార్థన చేసి, కూరగాయల కత్తితో తలుపు బందుల స్క్రూలు విప్పుకుని బయటపడింది. ఆ రెండు పేజీలూ చదివి పాస్టరమ్మ ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఆమెకే అంతుపట్టలేదు. తన భర్త తాళం మాట అటుంచి, గట్టిగా అరిచిన మనిషి కూడా కాదు.

"ఇలాంటి ప్రార్థన ఎవరైనా చేస్తారా? మూసెయ్" అన్నాడాయన, అద్దంలో తల దువ్వుకుంటూ.

నాకు నచ్చిందండీ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నచ్చడం తప్పా? అదీ ఆయన్నే అడగాలా? పెళ్ళయిన కొత్తలో ఏదో పుస్తకం బావుందంటే, నీకేం తెలుసని బావుందంటున్నావని నవ్వాడు. వాడు చదువుకున్నవాడమ్మా అని అత్తగారు సర్దిచెప్పింది. అప్పట్నుంచి చదవడం ఈమె వంతు, అభిప్రాయం ఆయన వంతు. ఇన్నేళ్ళకు తనకంటూ ఒక అభిప్రాయం వచ్చేసరికి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడుతూనే పేజీలు అంటించింది.

ఆ నవల ఉన్న ఒక్క ప్రతీ చేతులు మారి అందరూ చదివాక, దాని గురించి మాట్లాడుకోడానికి ఆడవాళ్ళు మందిరంలో కూర్చున్నారు. పాస్టరుగారు కుర్చీలో, ఆమె టీ ఫ్లాస్కు పక్కన నిలబడి. నర్సుకు నవల బొత్తిగా నచ్చలేదు. వంటగదికి తాళం పడింది, పేజీ తిప్పితే మనిషి బస్సులో ఉంది, తలుపు తీసేవేళకు రచయిత్రికి కునుకు పట్టిందా అని దెప్పింది. రిటైరైన టీచరు మాత్రం ఇంత గొప్ప నవల చదవలేదని కళ్ళు తుడుచుకుంది. దేవదూత తీశాడట, అది చెప్పకుండా వదిలెయ్యడమే అందమట. ఎవడో మగాడు సాయపడి ఉంటాడు, రాయడానికి సిగ్గుపడ్డారంది టైలరు. కాదు, మొగుడే జాలిపడి తీశాడు, అయినా వెళ్ళిపోయింది, విశ్వాసం లేని మనిషి అని తేల్చేసింది అత్తగారు.

దూత తీశాడు, మగాడు తీశాడు, మొగుడు తీశాడు. ఆవిడే తీసుకుందని ఒక్కరికీ తట్టలేదు. ఈ గొడవంతా పాస్టరమ్మ చేతి పనితనమే. చెబితే భర్త పరువు పోతుంది. చెప్పకపోతే ఆ ఇల్లాలి ధైర్యం ఎవరెవరి ఖాతాలోకో పోతుంది. ఏది పాపమో తేల్చుకోలేక చీర కొంగు నలుపుతూ నిలబడింది.

"మీరు ముందే చదివారుగా అమ్మగారూ, మీరేమంటారు?" అంది నర్సు.

"మా ఆవిడదీ నా మాటే. దేవదూతే" అన్నాడు పాస్టరుగారు.

"దూత కాదండీ," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ప్రార్థన చేసుకుని, తలుపు బందులు విప్పుకుని ఆవిడే వచ్చింది. ఆ పేజీలు నేను అంటించేశాను."

ఇప్పుడవన్నీ ఎందుకు, టీ పొయ్యమన్నాడాయన. ఆమె కదల్లేదు. అంతకుముందు ఆ ఇల్లాలు ఏమని ప్రార్థించిందని టీచరు మెల్లిగా అడిగింది. పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఆయన్ని మార్చమని అడిగి అడిగి అలిసిపోయాను. ఇవాళ నా చేతులకి బలమియ్యి. ఇకమీదట ఆయన నోటితో నాతో మాట్లాడకు. నేరుగా మాట్లాడు."

ఎవరూ ఆమేన్ అనలేదు.

"చివరి మాట కూడా పుస్తకంలోదేనా అమ్మగారూ?" అంది నర్సు.

ఆమె భర్త వైపు చూడలేదు.

"కాదు," అంది. "అది నాది."