సంతకాల బుధవారం

"ఇంకో వాయి రొట్టెలు ఎక్కువ చెయ్, రోనెల్. కుర్రాడు బాగా తింటాడు, వాళ్లమ్మ కూడా వస్తోంది," అన్నాడు వేడ్, వంటింట్లో కుర్చీ మీద కూర్చుని సాక్సు తొడుక్కోలేక అవస్థ పడుతూ. అతనికి కుడి మోకాలు సరిగ్గా వంగదు. పిండి చేతులు తుడుచుకుని, కింద కూర్చుని, సాక్సు నేనే తొడిగాను. ఆ మోకాలిని కాలేజీ రోజుల్లోనే ఫుట్‌బాల్‌కి ధారపోశాడు. అప్పట్నుంచి దాని పనంతా నా మీదే పడింది.

జనవరి చివరి ఆదివారం మా ఇంట్లో ఇదే తంతు. వచ్చే ఏడు జట్టులో చేరమని కాలేజీ పిలిచిన కుర్రాడు శుక్రవారం దిగుతాడు, స్టేడియం చూస్తాడు, విందులు తింటాడు, ఆదివారం పొద్దున తల్లిని వెంటబెట్టుకుని తనకు కాబోయే కోచ్ ఇంటికి వస్తాడు. స్టేడియం చూపించేది కుర్రాడికి, నా వంటిల్లు చూపించేది తల్లికి. ఆవిడ కోచ్ మాటలు వింటుంది గానీ చూసేది మాత్రం కోచ్ భార్య మొహమే. బుధవారం కుర్రాళ్లంతా కాలేజీ కాగితాల మీద సంతకాలు పెడతారు. పెట్టాక మనసు మారి ఇంకో కాలేజీకి పోతే ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాలి. కోచ్ మనసు మారితే మాత్రం ఏ రూలూ లేదు. "నీ రొట్టెలు తిన్న కుర్రాడెవడూ మన చెయ్యి జారిపోలేదమ్మా," అని హెడ్ కోచ్ ఎక్కడ కనిపించినా నన్ను మెచ్చుకుంటాడు. ఆ మెప్పుకి జీతమంటూ ఏమీ లేదు.

వేడ్ డిఫెన్సివ్ లైన్ కోచ్. అంటే మా అమెరికా ఫుట్‌బాల్‌లో అవతలి జట్టు బంతి చేత్తో పట్టుకుని మీదికొస్తుంటే ఎదురుగా గోడలా నిలబడే ముందు వరుస బరువైన కుర్రాళ్లు అతని చేతి కింద ఉంటారు. అతనూ ఒకప్పుడు ఆ వరుసలో నట్టనడుమ ఆడినవాడే. కుర్రాళ్లకు అతను నేర్పేది వినీ వినీ నాకు నోటికొచ్చేసింది. "బంతి పట్టుకోవడం నీ పని కాదురా. ఇద్దర్ని నీ మీదకి లాక్కో. నువ్వు వాళ్లని ఆపితే నీ వెనకున్నవాడు పరిగెత్తుకొచ్చి పడగొడతాడు. పేపర్లో వాడి ఫొటో వేస్తారు, వెయ్యనీ. నువ్వు మాత్రం నేల వదలకు." మొదటిసారి ఈ మాటలు విన్నప్పుడు మా పెళ్లయి ఏడాది. అలబామాలో ఒక అద్దె గదిలో, అతని జట్టు బనీన్లు ఉతికి ఆరేస్తూ, ఇతను చెబుతున్నది నా గురించే కదా అనుకుని నవ్వుకున్నాను. అప్పట్లో నవ్వొచ్చేది.

అలబామా తర్వాత కెంటకీ, ఆ తర్వాత ఒహాయో, ఆర్కాన్సా, ఇప్పుడీ మిసిసిపీ. "కోచ్‌ని కట్టుకున్నావు, గోడలకి మేకులు కొట్టే సరదా మానుకో," అంది మా అత్తగారు పెళ్లినాడే, నవ్వుతూనే. నేను వినికిడి లేని పిల్లలకు పాఠాలు చెబుతాను. రాష్ట్రం మారినప్పుడల్లా మళ్లీ లైసెన్సు కోసం తిరగాలి, మళ్లీ కొత్త టీచరులా అట్టడుగున మొదలెట్టాలి. అతను ఊరు మారినప్పుడల్లా ఒక మెట్టెక్కాడు. నేను మాత్రం ప్రతిసారీ మొదటి మెట్టు మీదే ఉన్నాను. కిందటి వారం మా బడి వాళ్లు నన్ను పిలిచి, ఆగస్టు నుంచి ప్రిన్సిపాల్‌గా ఉంటారా అని అడిగారు. కారులో కూర్చుని ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను. ఆ మర్నాడే ముందుగదిలో మేకు కొట్టి, పిల్లలు గీసిచ్చిన బొమ్మ ఒకటి తగిలించాను.

రెండో వాయి పొయ్యిలో పెడుతుంటే వెనక నుంచి వేడ్ అన్నాడు.

"టెక్సస్ కాలేజీ వాళ్లు రమ్మని ఫోన్ చేశారు. సరేనన్నాను."

"ఎప్పుడు?"

"మొన్న. గురువారం బయటపెడతారు. బుధవారం దాకా నువ్వు నోరు విప్పకు."

"నన్నొక్క మాట అడగలేదేం?"

"అడిగితే మాత్రం వద్దంటావా? పెద్ద జట్టు రోనెల్, మళ్లీ మళ్లీ పిలవరు."

"మరి నా బడి?"

"మంచిదేగా, ప్రిన్సిపాల్‌గా అడిగారంటే నీకూ పేరొచ్చింది. చెవిటి పిల్లల బళ్లు అక్కడ మాత్రం ఉండవా ఏంటి?" అంటూ గ్రేవీలోంచి సాసేజి ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు కొంచెం తగ్గింది చూడు."

నేను ఉప్పు వేశాను. ఏం చెయ్యను, చేతులకు అలవాటైపోయింది. మనసులో మాత్రం ఆర్కాన్సాలో మోగిన ఫోన్ వినిపిస్తోంది. అక్కడ కూడా సంతకాలయ్యాకే బయల్దేరాం. ఒక తల్లి మా ఇంటికి ఫోన్ చేస్తే, "నేను లేనని చెప్పు" అని చెయ్యి ఊపి గరాజ్‌లోకి పోయాడు వేడ్. ఆవిడ తిట్లన్నీ నేనే తిన్నాను, అట్టపెట్టెల మధ్య నిలబడి. వేడ్ చెడ్డవాడు కాడు. తన కుర్రాళ్లకి జ్వరమొస్తే నిద్రపోడు. నాకు జ్వరమొస్తే ఆ రొట్టెలు ఎవరు చేస్తారన్నది మాత్రం అతనికెప్పుడూ తట్టదు.

బెల్లు మోగింది. ఆ కుర్రాడు లావెల్ గుమ్మం తగలకుండా తల వంచి లోపలికొచ్చాడు, వెనకే వాళ్లమ్మ ఆర్లీన్. చర్చికి వేసుకునే ఊదా రంగు టోపీ, ఇస్త్రీ చేసిన కోటు. కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ వేళ్లు కందిపోయి ఉన్నాయి. "ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోందమ్మా," అంటూ కూర్చుంది. వేడ్ మహా హుషారుగా ఉన్నాడు. కుర్రాణ్ణి లేపి, బల్ల పక్కనే ఆటలోలా వంగి నిలబడమన్నాడు, భుజం మీద తట్టాడు. "చూడండి ఆర్లీన్ గారూ, వీడు రాయి. వీడికి నేను నేర్పేది ఒక్కటే, నేల వదలకు."

"నేల సంగతి సరే కోచ్ గారూ," అందావిడ, కప్పు కింద పెట్టి. "మావాడికి తండ్రి లేడు. వాడు ఈ కాలేజీకి వస్తానంటున్నది స్టేడియం చూసి కాదు, మిమ్మల్ని చూసి. వాడి చదువయ్యేదాకా మీరిక్కడే ఉంటారా?"

"ఎక్కడికి పోతామండీ! ఇది మా సొంతూరు లాంటిది," అన్నాడు వేడ్. "అడగండి కావాలంటే మా ఆవిణ్ణి. రోనెల్, చెప్పు."

ఆర్లీన్ నా వైపు తిరిగింది. లావెల్ కూడా చూశాడు, చేతిలో సగం కొరికిన రొట్టెతో. ఇందాకటి నుంచీ నేను నిలబడే ఉన్నాను, గ్రేవీ గిన్నె పట్టుకుని. ఎప్పుడూ అంతే, వచ్చినవాళ్లు తిని వెళ్లేదాకా నేను కూర్చోను. వేడ్ నా మొహంలోకి చూస్తూ నవ్వుతున్నాడు. మైదానంలో తన వాళ్ల మీద ఉండే నమ్మకం అది. ఇద్దర్ని నేను ఆపితే తను వెనక నుంచి వచ్చేస్తాడు.

గిన్నె బల్ల మీద పెట్టాను. నా కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"నేనైతే ఇక్కడే ఉంటాను ఆర్లీన్ గారూ. ఆగస్టు నుంచి ఇక్కడి బడికి ప్రిన్సిపాల్‌ని. మీవాడు ఎప్పుడొచ్చినా ఈ బల్ల దగ్గర ఇంత తిండి పెడతాను," అని, ఒక రొట్టె తీసి నా కంచంలో వేసుకున్నాను. "కోచ్ గారి సంగతి మాత్రం ఆయన్నే అడగండి. బుధవారం లోపలే అడగండి."