ఎడమవైపు ఖాళీ

మా ఊళ్లో ఫోను నంబర్లకు అయిదంకెలు చాలక ఆరో అంకె పెట్టారు. పాత నంబరుకు రెండు అనే అంకె చేర్చుకోమని ఎక్స్ఛేంజివాళ్లు కాగితాలు పంచారు. ఎక్కడ చేర్చాలో కూడా అందులో ఉందట. నేను చదవలేదు. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టి బోర్డులు రాయడానికొచ్చినవాణ్ని. చిన్న అక్షరాలంటే నాకు ఒళ్లు మంట. అక్షరమంటే జానెడుండాలి, గోడ మీదుండాలి.

కాన్పులు చేసే నర్సమ్మకు ఊళ్లో ఎనిమిది బోర్డులు, ఎనిమిదీ నేను రాసినవే. అంకెలు ఎడమ అంచుకు ఆనించి మొదలుపెట్టడం నా అలవాటు. కుడివైపు చోటుంది కదా అని అన్నింటికీ చివర రెండు తగిలించి చేతులు దులుపుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే ఆవిడ నా షాపు ముందు నిలబడింది.

“ఏమయ్యా ఆర్టిస్టూ, నా ఫోను మూగబోయింది. బేకరీ ఆయన బోర్డు చూసి చేస్తే కుయ్యిమని కట్టయిపోయిందట. వాళ్లావిడకు ఇవాళో రేపో అన్నట్టుంది.”

“రెండు చేర్చాను కదమ్మా!”

“తోకకు చేర్చావు. తలకు చేర్చాలి.”

“ఎక్కడుంటేనేం, అంకె అంకేగా?”

“ఎవరింటికైనా వెళ్తే ముందు వీధి అడుగుతావా, గది అడుగుతావా? ఎక్స్ఛేంజిలో మిషనూ అంతే, మొదటి అంకెతోనే దారి పట్టేస్తుంది. సున్నా అంటే పరాయి ఊరు. ఒకటంటే పోలీసులు, ఫైరింజను. ఇప్పుడు రెండంటేనే మనం. నువ్వు రాసినట్టు పాత నాలుగుతోనే మొదలుపెడితే దారే లేదు. సాయంత్రంలోగా మార్చు.”

ఎడమవైపు వెంట్రుక దూరే సందు లేదు. వరసంతా గీకి మళ్లీ రాయాలి. మధ్యాహ్నానికి బస్టాండు బోర్డు ఒక్కటే అయింది.

మా అన్నయ్యదీ ఇదే పని. ప్రతి నంబరుకూ ఎడమవైపు రెండు వేళ్ల ఖాళీ వదిలేవాడు. “ఎవరికోసం అన్నయ్యా ఆ చోటు, రాబోయే అల్లుడికా?” అని ఏడిపించేవాణ్ని. నాన్న పోయాక షాపు బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మాటలు పోయాయి. నాలుగేళ్లయింది.

పబ్లిక్ ఫోను దగ్గర నిలబడ్డాను. అన్నయ్య పాత అయిదంకెలూ నా వేళ్లకు గుర్తే. ముందు రెండు నొక్కాను.

“ఎవరూ?”

“నేనే.”

“తోకకు పెట్టావటగా.”

“అప్పుడే ఊరంతా తెలిసిందా?”

“నర్సమ్మ నీ దగ్గర్నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది, నీ ఒక్కడివల్ల కాదని. మార్కెట్టు వైపు నాలుగు బోర్డులూ గీకేసి ఇప్పుడే భోజనానికొచ్చాను.”

“రాయలేదేం మరి?”

“నీ బోర్డులు. నువ్వడగందే ఎలా రాస్తాను?”

ఆ గీర చూస్తే ఫోను పెట్టేయబుద్ధయింది. బేకరీ ఆవిడ గుర్తొచ్చింది.

“రాయన్నా,” అన్నాను.

“ఊఁ. నాన్న రాసిన పాత బోర్డు ఎప్పుడైనా సరిగ్గా చూశావా? మూడంకెల కాలంలోది. వాటి ముందు ఒక అంకె, దాని ముందు ఇంకో అంకె ఇరికించి ఉంటాయి. ఊరు పెరిగినప్పుడల్లా అంకె ముందే చేరిందిరా.”

ముందే చెప్పొచ్చుగా అనబోయాను. చెప్తే విని ఉండేవాణ్నా?

చీకటిపడకముందే ఎనిమిదీ అయ్యాయి. తెల్లారి బేకరీ ఆవిడకు ఆడపిల్ల పుట్టింది. బోర్డు చూసే నర్సమ్మకు ఫోను చేశామన్నారు.

మార్కెట్టు బోర్డు చూడ్డానికి వెళ్లాను. అంకెలు కాస్త సన్నం చేసి ఆరూ సర్దాడు. రెండుకు ఎడమవైపు మళ్లీ ఖాళీ! ఒళ్లు మండిపోయింది. అటూ ఇటూ చూసి, నా వేళ్లు ఆనించి కొలిచాను. సరిగ్గా రెండు.