చీటీ లేని సంచి

అయ్యలారా, అమ్మలారా, ముందు ఒక గ్లాసును చూడండి. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ. దాని ఐదో అంతస్తులో టీ గది. అరమీద తెల్ల పింగాణీ కప్పులు పాతిక దాకా బారులు తీరి ఉంటాయి. ఈ స్టీలు గ్లాసు మాత్రం సింకు కింద, ఫినాయిల్ సీసా పక్కన, ఒంటరిగా ఉంటుంది. దాని మీద మేకుతో గీసిన 'స' అక్షరం. స అంటే సక్కుబాయి. ఆ మేడ తుడిచే మనిషి.

గ్లాసు వేరు పెట్టించినవాడు లింగమూర్తి, భవనం మేనేజరు. పనిని ఎన్నడూ మేనేజ్ చేయలేదు గాని పైవాళ్లను బ్రహ్మాండంగా మేనేజ్ చేస్తాడు. మూడేళ్ల కిందట సక్కుబాయి చెంపల మీద ఎర్రటి మచ్చలు లేచిన రోజున, అంటురోగం అంటూ లేనిదాన్ని అంటగట్టాడు. కప్పు వేరు చేసి తన అజ్ఞానాన్ని కప్పుకున్నాడు. ఆమెకున్నది లూపస్. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఒంటి మీద పడి కొట్టే జబ్బు. ఒకరి నుంచి ఒకరికి అంటదని ఈఎస్ఐ దవాఖాన డాక్టరు కాగితం రాసిచ్చాడు. లింగమూర్తి ఆ కాగితాన్ని కూడా ముట్టుకోలేదు, అదెక్కడ అంటిస్తుందోనని!

అసలు తమాషా వినండి. ఆ మేడలో పరిశోధన జరిగేది ఆ జబ్బు మీదే. ఆరో అంతస్తులో లూపస్ ఉన్న ఎలుకలకు ఏసీ గది, వేళకు తిండి, పూటపూటా పరామర్శ. ఐదో అంతస్తులో లూపస్ ఉన్న మనిషికి ఫినాయిల్ పక్కన గ్లాసు.

అవి రెండువేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. లింగమూర్తి మెడలో కొత్త కండువా వేసుకుని టీ గది గుమ్మంలో నిలబడి ఉపన్యాసమిస్తున్నాడు.

"మన కొలువులు మనకే! మనోళ్లను మనమే కాపాడుకోవాలె! ఏమంటరు?"

వెనక బకెట్టు పట్టుకుని సక్కుబాయి నిలబడి ఉంది. ఆమెదీ తెలంగాణే, దేవరకొండ. "సార్, జర జరుగుండ్రి. లోపల తుడవాలె."

"ఏయ్, దూరం! దూరంకెళ్లి మాట్లాడు."

ఆమె దూరం నుంచే వచ్చింది. బస్సుల్లేక వారం రోజులుగా కూకట్‌పల్లి నుంచి ఎండలో నడక. 'తెలంగాణ వచ్చేదుంటే నడుస్త, ఏమైతది' అనుకుంది. ఎండ మాత్రం ఉద్యమం చూసి ఊరుకోలేదు. ఆ జబ్బుకు ఎండ పడదు. మచ్చలు మండాయి, వేళ్లు వాచి కర్రల్లా బిగిశాయి.

"సార్, వేళ్లు వంగుతలేవు. ఇయ్యాల సంచులకు ముడి ఎవరితోనన్న ఎయ్యించుండ్రి."

"వేళ్లు వంగకుంటే నడుము వంచు. సమ్మెల మనుషులేడున్నరు?"

ఆ మేడలో ఒక పద్ధతుంది. ప్రయోగశాల చెత్తంతా పసుపు సంచిలో వేయాలి. నిండగానే మూతి మడిచి, ముడి బిగించి, తేదీ, గది నంబరు రాసిన చీటీ కట్టాలి. చీటీ ఉన్న సంచిని గార్డులు కన్నెత్తి చూడరు. ఐదేళ్లలో సక్కుబాయి చేతి నుంచి చీటీ లేని సంచి ఒక్కటి కూడా కిందికి దిగలేదు.

ఆ రోజు ముడి బిగియలేదు. చీటీ దారం వాచిన వేళ్లలోంచి మూడుసార్లు జారిపోయింది. సాయానికి ఎవరినైనా పిలుద్దామని సంచిని లిఫ్టు ముందు పెట్టి వెళ్లింది. ఆమె వచ్చేలోపే సంచి ఒరిగి, మూతి విడిపోయి, ఏదో నీరు కారింది.

సమ్మె రోజులు కదా, గార్డుల గుండెలు అరచేతుల్లో ఉన్నాయి. "బాంబు!" అన్నాడొకడు. గంట మోగింది. ఆరువందల మంది మెట్ల మీద పడ్డారు. సంస్థ పెద్దాయన బ్యాడ్జీ బల్ల మీద మరిచి పరుగున దిగాడు. గార్డులు ఆయన కాలరు పట్టుకుని గోడకు అదిమారు. రోజూ సలాం కొట్టేది వాళ్లు కారుకు గాని మొహానికి కాదు మరి!

సంచిలో చివరికి దొరికింది చేతి తొడుగులు, తడి దూది.

మధ్యాహ్నం విచారణ. పెద్దాయన చొక్కాకు పై గుండీ లేదు.

"ఈమెను ఇయ్యాల్నే తీసేస్తున్న సార్. అన్నీ నాటకాలే" అన్నాడు లింగమూర్తి.

"పొద్దుగాలనే చెప్పిన గద సార్, వేళ్లు వంగుతలేవని. నడుము వంచుమన్నరు" అంది సక్కుబాయి. కొలువు పోతే ఈఎస్ఐ కార్డు ఎన్నాళ్లో నడవదు. కార్డు పోతే మాత్రలు పోతాయి. మాత్రలు ఆగితే కిడ్నీలు పోతాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

"ఒక్క నిమిషం ఆగండి." ఆరో అంతస్తు పరిశోధనకు పెద్ద అయిన డాక్టర్ రాజరాజేశ్వరి లేచింది. భీమవరం మనిషి. కోపం వచ్చినా 'అండి' వదలదు.

"చేతిలో సెల్ చచ్చిపోతే చార్జరు కోసం ఇల్లు పీకుతాం. ఒంట్లో రోజూ కోట్ల సెల్స్ చచ్చిపోతుంటే మనకు తెలియనే తెలియదండి. ఎందుకంటే పద్ధతిగా చనిపోయే కణం తన చెత్తను తానే మూట కట్టుకుంటుంది. 'నన్ను తీసుకుపోండి, గొడవేం లేదు' అని చీటీ పెట్టుకుంటుంది. కావలి కణాలు ఆ చీటీ చూసి మూట ఎత్తేయడమే కాదు, తామూ చల్లబడతాయి. చీటీ లేకపోయినా, మూట ఎత్తేవాళ్లు రాకపోయినా అది చిట్లుతుంది. అప్పుడు కావలివాళ్లు బెదిరిపోయి సొంతవాళ్ల కాలర్లు పట్టుకుంటారు."

పెద్దాయన చెయ్యి తెలియకుండానే మెడ మీదికి వెళ్లింది.

"ఆ చీటీలాంటి సంకేతాన్నే మందుగా ఇస్తే కావలి కణాలు శాంతిస్తాయా అని ఎలుకల్లో చూస్తున్నాం. ఇంకా మందు కాలేదు. కావచ్చు. ఎన్నేళ్లకో చెప్పలేను. అందాకా ఈ సక్కుబాయికి మాత్రలే దిక్కు. అవునండి, ఈవిడకున్నదీ ఆ లూపస్సే. మా ఎలుకకు కాలు వాస్తే ఆ రోజు దాని జోలికి వెళ్లం. ఈవిడ వేళ్లు వాస్తే మీరు నడుం వంచమన్నారు."

"అంటే... అది అంటుకోదా మేడం?" అన్నాడు లింగమూర్తి.

"అంటుకోదండి. ఈఎస్ఐ డాక్టరు రాసిచ్చిన కాగితం మూడేళ్లుగా మీ బల్ల మీదే ఉంది. ఈవిడ్ని పంపిస్తే వచ్చేవారం మన పరిశోధనకు డబ్బు పెట్టే విదేశీ అతిథుల ముందు నేను నోరు విప్పను."

ఆ చివరి మాట బాగా పనిచేసింది. పెద్దాయనకు కరిగింది గుండె కాదు, ధైర్యం. సక్కుబాయి కొలువు నిలిచింది. చీటీలు రాసే పని ఆమెది, ముడులు వేసే పని ఇంకొకరిది అని తేలింది.

మర్నాడు లింగమూర్తి తెల్ల కప్పులో టీ పోసి స్వయంగా తెచ్చాడు. కండువా అలాగే ఉంది. "సక్కుబాయీ, మనోళ్లం. మనసుల వెట్టుకోకు."

ఆమె కప్పు అందుకుంది. ఆరామ్‌గా రెండు గుటకలు తాగింది. సింకు కింది నుంచి స్టీలు గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది మీ బల్ల మీద వెట్టుకోండ్రి సార్. మనోళ్లు అని అన్నప్పుడల్ల జర దీని దిక్కు చూడుండ్రి."

చదువరులారా, ఒళ్లయినా, సంస్థయినా, రాష్ట్రమయినా, సొంత మనిషిని గుర్తుపట్టలేని కావలి కావలి కాదు, రోగం.